నడుం పట్టేస్తే మంచమెక్కాలా? మిర్యాలగూడ బస్తా నుంచి హెల్సింకీ దాకా

మాది మిర్యాలగూడ. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లొదిలారు. ఎడమ కాలువ కింద మా వైపు, కోదాడ వైపు వరి పెరిగింది. వడ్ల వెనకే రైస్ మిల్లులొచ్చినయ్, వాటి వెనకే హమాలీలు. పాత రోజుల్లో బస్తా అంటే క్వింటాల్. విచిత్రమేంటంటే, అదే 1967 జూన్‌లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ, మగ కార్మికుడి మీద 55 కిలోలకు మించి బరువు పెట్టొద్దని సిఫార్సు చేసింది. ఆ మాట మా కాలువ గట్టు దాకా రాలేదనుకోండి.

మా నాయన కూడా హమాలీనే. నా చిన్నప్పుడు బస్తా దించుతుంటే నడుం పట్టేసింది. ముందు ఎదురుకాళ్లతో పుట్టినాయన్ని పిలిచి నడుం మీద తన్నించారు. (నవ్వకండి, మీ ఊళ్లోనూ ఉంటుంది.) తగ్గలేదు. తర్వాత ఒక డాక్టర్ మూడు వారాలు మంచం దిగొద్దన్నాడు. కూలి పోయింది, అప్పయింది, లేచాక నడవడానికే తడబడ్డాడు.

ఆ డాక్టర్ని నేను తిట్టను. విశ్రాంతే మందు అని లండన్ సర్జన్ జాన్ హిల్టన్ 1860ల్లోనే ఉపన్యాసాలిచ్చాడు. ఆ నమ్మకం వందేళ్లకు పైగా నడిచింది. 1986లో అమెరికాలో రిచర్డ్ డెయో బృందం 203 మందిని తీసుకుని కొందరిని రెండ్రోజులు, కొందరిని ఏడు రోజులు పడుకోమంది. రెండ్రోజుల వాళ్లు పనికి పోని రోజులు 45 శాతం తక్కువ. 1995లో హెల్సింకీలో 186 మంది నగర ఉద్యోగుల మీద ఇంకో పరీక్ష చేశారు. ఒక గుంపుకు మంచం, ఒక గుంపుకు నడుం వ్యాయామాలు, మూడో గుంపుకు ఓర్చుకోగలిగినంత మేరకు మామూలు పనులు. త్వరగా కోలుకుంది మూడో గుంపు! అంటే పట్టేసిన మొదటి రోజుల్లో వ్యాయామం కూడా అంత గొప్పగా పనిచేయలేదన్నమాట. 2017లో అమెరికా ఫిజీషియన్ల కాలేజీ కూడా కొత్త నొప్పికి ముందు కాపడం, మసాజ్, చేత్తో వెన్ను సరిచేయడం లాంటివి చూడమంది. వ్యాయామాన్ని పాతబడ్డ నొప్పికి చెప్పింది.

ఇదంతా నాయనకు చెప్తే ఒకటే అడిగిండు: "ఆఫీసోళ్ల మామూలు పని, నా మామూలు పని ఒకటేనా రా?" కాదు. నడవడం, ఇంట్లో తిరగడం వేరు, బస్తా ఎత్తడం వేరు. బస్తా లెక్కన కూలిచ్చే చోట తేలిక పని ఎవరిస్తారు?

ఒక్క జాగ్రత్త. కాళ్లలో బలం తగ్గినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, మూత్రం ఆగినా, అదుపు తప్పినా తన్నించడాలు, తొక్కించడాలు వద్దు, వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. మీ ఇంట్లో హమాలీ పని చేసినోళ్లుంటే వాళ్లకు నడుం పట్టేసినప్పుడు ఏం చేశారో కామెంట్లో రాయండి, నేను నాయనకు చదివి వినిపిస్తా.