గురువు పేరు లేని ఒప్పందం

అప్రెంటిస్‌గా ఉన్నప్పుడు చట్టం దృష్టిలో నేను కార్మికుణ్ణి కాను. 1961 నాటి అప్రెంటిస్ చట్టం 18వ సెక్షన్ ఆ మాట సూటిగానే చెప్పింది: అప్రెంటిస్ శిక్షణ పొందేవాడు, వర్కర్ కాడు, కార్మిక చట్టాలు అతనికి వర్తించవు. అదే చట్టంలో 14వ సెక్షన్ ఉంది. గనిలో ఆరోగ్యం, భద్రత విషయానికి వచ్చేసరికి అప్రెంటిస్‌ను గనిలో పనిచేసేవాడిగానే లెక్కపెట్టమంటుంది. అంటే కప్పు కూలేచోట కార్మికుణ్ణి, కొలువు అడిగేచోట విద్యార్థిని. ఇది రాసినవారి తెలివికి దండం పెట్టాలి.

మొదట ఈ చట్టం ట్రేడ్ అప్రెంటిస్‌ల కోసమే. డిగ్రీ, డిప్లొమా ఇంజనీర్లను 1973 సవరణతో ఇందులోకి తెచ్చారు. ఆ సవరణ పుణ్యమా అని 1980ల చివర్లో, మెకానికల్ డిప్లొమా చేతబట్టుకుని రామగుండంలో సింగరేణి బొగ్గు కంపెనీ గడప తొక్కాను. మా ఒప్పందాలు మద్రాసులోని అప్రెంటిస్ బోర్డులో నమోదయ్యేవి. స్టైపెండులో సగం కేంద్రం, సగం కంపెనీ. అప్పట్లో రామగుండం కరీంనగర్ జిల్లా. గోదావరి దాటితే మంచిర్యాల, బెల్లంపల్లి, అవన్నీ ఆదిలాబాద్ జిల్లా. 2016లో జిల్లాలు మారాక ఈ పేర్లు కొత్తవాళ్లకు విడమరిచి చెప్పాల్సి వస్తోంది.

మేం చేరేనాటికే కంపెనీకి నూరేళ్లు. ఇల్లందు దగ్గర బొగ్గును 1871లో డాక్టర్ విలియం కింగ్ గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1920లో సింగరేణి కాలరీస్ అనే కంపెనీ ఏర్పడి దాని ఆస్తులన్నీ తీసుకుంది. 1920ల చివర్లో బెల్లంపల్లి వైపు బాయిలు, అంటే బొగ్గు గనులు, తెరిచారు. 1929కి కాజీపేట–బల్లార్షా రైలు దారి పూర్తయ్యింది. ఇక ఆదిలాబాద్ బొగ్గు ఉత్తరానికీ దక్షిణానికీ పోయింది. గోదావరిఖని వంతు 1960ల్లో వచ్చింది. బొగ్గు తవ్వడం ఒక ఎత్తు, తవ్విన బొగ్గును పైకి లాగడం, నీళ్లు తోడడం, గాలి ఆడించడం ఇంకో ఎత్తు. ఈ రెండోది చేసేది హాలర్లూ పంపులూ ఫ్యాన్లూ, వాటి వెనక ఉండే ఫిట్టర్లూ.

నాకు పని నేర్పిన మేస్త్రి హాజరు మస్టర్ దగ్గర వేలిముద్ర వేసేవాడు. బొగ్గు నింపే కోల్ ఫిల్లర్‌గా బాయిలోకి దిగి, హెల్పరై, ఫిట్టరైనవాడు. నన్ను జనం ముందు "అప్రంటీసు సారు" అనేవాడు, పనిలో పడితే "బిడ్డా" అనేవాడు. బాయి దిగేముందు ఎవరికైనా వొకేషనల్ ట్రైనింగ్ తప్పదు, 1966 రూల్స్ ప్రకారం. అక్కడ చెప్పినవన్నీ మేస్త్రి మళ్లీ తన పద్ధతిలో చెప్పాడు. కర్రతో కప్పును తట్టించి, గట్టి చప్పుడుకూ బోలు చప్పుడుకూ తేడా వినమన్నాడు. అది విన్నాకే మోటారు దగ్గరికి తీసుకుపోయాడు.

బాయిలో వాడే మోటార్లూ స్విచ్‌లూ ఫ్లేమ్‌ప్రూఫ్ డబ్బాల్లో ఉంటాయి. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే చిన్న మెరుపు చాలు, పేలుతుంది. డబ్బాలోకి గ్యాస్ దూరకుండా గట్టిగా మూసెయ్యాలని నేను పుస్తకం చదివినవాడి ధీమాతో అన్నాను. మేస్త్రి నవ్వాడు.

"డబ్బల గ్యాస్ జొర్రుతది బిడ్డా, దాన్నెవ్వడు ఆపలేడు. లోపట అంటుకున్న మంట బయటికి రావద్దు, గంతే."

ఫ్లేమ్‌ప్రూఫ్ సూత్రం అంతా ఆ రెండు మాటల్లో ఉంది. మూత అంచుకూ డబ్బా అంచుకూ మధ్య సన్నని, వెడల్పాటి సందు గుండా వచ్చేలోపు మంట చల్లారిపోవాలి. అందుకే ఫీలర్ గేజ్ పెట్టి ఆ సందు చూడాలి, అంచుకు రంగు తగలనివ్వకూడదు, ఒక్క బోల్టు లేకపోయినా ఆ డబ్బాను వాడకూడదు. ఆయన బోల్టులను చేత్తో తడిమి లెక్కపెట్టేవాడు, చీకట్లో కూడా.

బొగ్గును లాగే హాలేజ్ తాడు అతకడం ఇంకా గొప్ప పని. ఇనుప తీగల పాయలు ఆరు, నడుమ నార. రెండు తాళ్ల కొసలు విప్పి, పాయలను ఒకదానికొకటి ఎదురుగా వేసి, నార తీసినచోట కొసలను దూర్చాలి. టేపు ఉన్నా ఆయన బారలతోనే కొలిచేవాడు. అతుకు పూర్తయ్యాక తాడు లావు ఎక్కడా పెరగకూడదు, పెరిగితే డ్రమ్ము మీద తన్నుకుంటుంది. ఆ తాడుకు బొగ్గు మోసే టబ్బులు, టబ్బుల పక్క దారిలో మనుషులు.

నాతోపాటు డిప్లొమా చేసినవాళ్లు కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లుకూ, బసంత్‌నగర్ సిమెంటుకూ, ఎన్టీపీసీకీ, రామగుండం ఎరువుల ఫ్యాక్టరీకీ చెదిరారు. 1980లో బొగ్గుతో యూరియా తయారీ మొదలుపెట్టిన ఆ ఫ్యాక్టరీ 1999లో మూతపడింది. అదే చోట కొత్త ఫ్యాక్టరీ 2021లో గ్యాస్‌తో నడక మొదలుపెట్టింది. సిర్పూర్ మిల్లు 2014లో ఆగి, 2018లో మళ్లీ తిరిగింది. ఆగిన మిల్లులో అప్రెంటిస్ ఏం నేర్చుకుంటాడు?

సింగరేణిలో 1990 ప్రాంతంలో లక్షకు పైగా మనుషులు పనిచేశారు. ఇప్పుడు 40 వేలకు అటూ ఇటూ. ఓపెన్‌కాస్టులు, బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రాలు, కన్వేయర్లు వచ్చాక టబ్బులు పోయాయి, టబ్బులతోపాటు తాడతికే చేతులూ రిటైరయ్యాయి. నా ఒప్పంద పత్రంలో నా సంతకం, కంపెనీ సంతకం, బోర్డు నమోదు నంబరు ఉన్నాయి. నేర్పేవాడి పేరు రాసే గడి లేదు. ఈ చట్టంలో నాకు కనిపించే అసలు లోటు స్టైపెండు కాదు, ఇది.

శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత యజమానికి లేదని 22వ సెక్షన్ అనేది. 2014 సవరణతో ప్రతి యజమానీ ఈ విషయంలో తన సొంత విధానం రూపొందించుకోవాలన్నారు. ఈ ఏడు అప్రెంటిస్‌గా చేరుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సంతకం పెట్టేముందు ఆ విధానం ఏమిటో అడిగి తెలుసుకోండి. చేరిన మొదటి రోజే, మీ షిఫ్టులో అందరికంటే పాత ఫిట్టరెవరో కూడా అడగండి.