సైనికుని నిరీక్షణ

యుద్ధము ముగిసిననాడు సైనికునికి పూలదండ వేయుటకు అందరమును ముందుకు వత్తుము. ఇరువది యేండ్లు గడచిన పిదప అతడు ఆసుపత్రి వాకిట ఎంతకాలము వేచియున్నాడో లెక్క చూచువారు అరుదు. అమెరికా చరిత్ర ఈ విషయమున మనకు కనువిప్పు కాగలదు.

మొదటి ప్రపంచ యుద్ధానంతరము 1921లో ఆ ప్రభుత్వము మాజీ సైనికుల సంరక్షణకై ప్రత్యేక శాఖను నెలకొల్పెను. దాని తొలి అధిపతి చార్లెస్ ఫోర్బ్స్ ప్రభుత్వమును మోసగింప కుట్ర పన్నెనని 1925లో న్యాయస్థానమున దోషిగా నిర్ణయింపబడెను. ఆనాటి దోషము ధనమునకు సంబంధించినది. 2014లో బయటపడినది అంకెలకు సంబంధించినది.

రోగికి 14 దినములలో వైద్యుని దర్శనము కలుగవలెనని 2011లో లక్ష్యము నిర్ణయించిరి. అధికారుల మెప్పును, పారితోషికమును దానితో ముడిపెట్టిరి. కాని వైద్యుల సంఖ్య చాలకుండెను. ఫీనిక్స్ నగరపు ఆసుపత్రిలో లెక్కలు తారుమారగుచున్నవని అచట పనిచేసి విరమించిన వైద్యుడొకడు వెల్లడించెను. తనిఖీదారులు 226 మంది విషయము పరిశీలింపగా తొలి దర్శనమునకు సగటు నిరీక్షణ 115 దినములని తేలెను. ఆసుపత్రి చూపినది 24. సుమారు 1,700 మంది పేర్లు అధికార జాబితాకే ఎక్కలేదు.

వియత్నాం యుద్ధమున స్వయముగా గాయపడిన మంత్రి ఎరిక్ షిన్సెకీ మే 30న రాజీనామా చేసెను. 30 దినములకు మించి వేచియుండవలసినవారు బయటి వైద్యుల కడకు పోవుటకు ఆగస్టులో శాసనము వీలు కల్పించెను.

మంత్రి మారుట ఒక్క దినపు పని. ఆలస్యమును ఆలస్యముగనే వ్రాసిన గుమాస్తాకు కీడు కలుగని ఏర్పాటు కష్టతరము. సంస్కరణ అచ్చటనే ఆరంభము కావలెనని మేము తలచుచున్నాము.