నీలపర్వత: ఒక దోమ ప్రజాతి గుర్తింపు, వర్గీకరణ చరిత్ర

నీలపర్వత డెల్ఫాసిడే కుటుంబానికి చెందిన రసం పీల్చే పురుగుల ప్రజాతి. తెలుగు రైతులు సుడిదోమ అని పిలిచే నీలపర్వత లుజెన్స్ ఇందులోదే. పేరులో దోమ ఉన్నా మనుషుల్ని కుట్టే దోమకూ దీనికీ చుట్టరికం లేదు. వరి దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన గుంపులుగా చేరి రసం పీలుస్తుంది. చేను సుడులు సుడులుగా ఎండిపోతుంది. రంగును, రెక్కను నమ్ముకుంటే ఈ పురుగుల లెక్క తేలదని ఈ ప్రజాతి చరిత్ర గట్టిగా చెబుతోంది. లుజెన్స్‌లోనే పొడవు రెక్కలవీ పొట్టి రెక్కలవీ ఉన్నాయి. లేత గోధుమ నుంచి దాదాపు నలుపు దాకా రంగు మారుతుంది.

స్వీడన్ శాస్త్రవేత్త స్టోల్ 1854లో జావా నమూనాను డెల్ఫాక్స్ లుజెన్స్‌గా వర్ణించాడు. 1863లో మోచుల్‌స్కీ దీనికే సొర్డెసెన్స్ అని పేరు పెట్టాడు. అసలు గందరగోళం 1906, 1907 సంవత్సరాలది. డిస్టెంట్ 1906లో సింహళ నమూనాతో నీలపర్వత ప్రజాతిని స్థాపించి, జాతికి గ్రీనై అని పేరిచ్చాడు. అదే ఏడాది కల్ప అనే ఇంకో ప్రజాతినీ సృష్టించాడు. జపాన్‌లో మత్సుమురా ఒరైజే అన్నాడు. మరుసటి ఏడు కర్కాల్డీ పారిసాటిస్, ఆర్డోవిక్స్, ఆండెరిడా అని ఏకంగా మూడు పేర్లు చేర్చాడు. ఈ పేర్లతో వర్ణించినవన్నీ లుజెన్సేనని తర్వాత తేలింది. 1924లో మ్యూర్, గిఫార్డ్ లుజెన్స్‌ను నీలపర్వతలోకి తెచ్చారు. ఆ మేలైన పని తర్వాత అర్ధశతాబ్దం పాటు కొత్త జాతులు ఒకటీ అరా చేరుతూ వచ్చాయి.

గుర్తింపుకు ఆధారం వెనక కాలు. పిక్క చివర కదిలే పెద్ద ముల్లు ఉంటే డెల్ఫాసిడే కుటుంబం. దాని కిందుగా, పాదపు మొదటి కణుపు పక్కన చిన్న ముళ్లు కనిపిస్తే నీలపర్వత. అదే వరి మీద ఉండే తెల్లవీపు దోమకు ఈ చిన్న ముళ్లుండవు. జాతి తేల్చాలంటే మగ పురుగు పొట్ట చివర ఉండే జత పట్టుకొక్కేల ఆకారం చూడాలి. చేను ఎండిపోతుంటే ఇంత సూక్ష్మం దేనికని అడగవచ్చు. ఇదే ప్రజాతిలోని బేకరీ, మ్యూరీ జాతులు లీర్సియా గడ్డి మీద బతుకుతాయి. వాటిని సుడిదోమ లెక్కలో కలిపితే వరికి లేని ముప్పును ఉన్నట్టు చూపినట్టవుతుంది.

ఇంతకన్నా బలమైన ఆక్షేపణ ఒకటుంది. ఫిలిప్పీన్స్‌లో లీర్సియా మీద బతికే లుజెన్స్ గుంపును కొక్కేలు చూసి వరి గుంపు నుంచి విడదీయలేం. క్లారిడ్జ్ బృందం 1980లలో వాటి పిలుపులను నమోదు చేసింది. ఈ పురుగులు పొట్టను అదిలించి పంపే ప్రకంపన గాలిలో కాక మొక్క కాడలో ప్రయాణిస్తుంది. రెండు గుంపుల లయ వేరు. ఎంచుకునే వీలుంటే తమ గుంపుతోనే జతకడతాయి, వీలు లేనప్పుడు ప్రయోగశాలలో కలిసి సంతానాన్నిస్తాయి. ఇది కొక్కేల సాక్ష్యాన్ని కొట్టివేయదు. కంటికి ఒకటిగా కనబడే చోట చెవి సాయం కావాలని చెబుతుంది. ఆడవాటిని, పిల్ల పురుగులను పోల్చడం నిపుణులకూ కష్టమే. కాబట్టి గుర్తింపు కోసం నమూనాలు పంపేవారు ఆల్కహాల్‌లో భద్రపరిచిన మగ పురుగును ఒక్కటైనా తప్పక జతచేయాలి.