టెలివిజన్ తెర: కొలతల కథ

పాత టెలివిజన్ పెట్టెను తీసివేసి క్రొత్తదానిని కొనదలచిన గృహస్థునకు అంగడిలో మొదట ఎదురగు ప్రశ్న “ఎన్ని అంగుళములది కావలెను?” అన్నదే. ప్రశ్న చిన్నది. కాని దానికి తగిన సమాధానము తెర కొలతల చరిత్రలో దాగియున్నది. అది తెలియనిచో, పెద్దదని తెచ్చిన తెరపై బొమ్మ చిన్నదై కనబడుటయు, వెచ్చించిన ధనమునకు తగిన ఫలము దక్కకపోవుటయు సంభవించును.

1926 జనవరి 26వ తేదీన లండను నగరమందలి సోహోలో జాన్ లోగీ బెయిర్డ్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సభ్యులకు చూపిన బొమ్మ 30 రేఖలతో కూర్చబడినది. పదేండ్ల పిమ్మట, 1936 నవంబరు 2వ తేదీన, బి.బి.సి. అలెగ్జాండ్రా పాలెస్ నుండి నిత్యప్రసారములను ఆరంభించెను. మరుసటి సంవత్సరము అచట 405 రేఖల పద్ధతి స్థిరపడెను. 1946లో అమెరికాయందు ఆర్.సి.ఏ. సంస్థ అమ్మిన ప్రసిద్ధ యంత్రమునకు సైతము 10 అంగుళముల నాళమే యుండెను.

ఆనాటి చిత్రనాళముల ముఖము గుండ్రనిది. కావున దాని వ్యాసమే కొలత. పిదప దీర్ఘచతురస్రపు నాళములు వచ్చినను, ఒకే సంఖ్యతో చెప్పు అలవాటును వర్తకులు విడువలేదు. ఒక మూల నుండి ఎదుటి మూలకు గల కర్ణమునే కొలతగా గ్రహించిరి. నేటికిని అదియే వాడుక. అయితే కర్ణ మొక్కటి తెలిసినంత మాత్రమున తెర వెడల్పుగాని, ఎత్తుగాని తెలియవు. వెడల్పునకును ఎత్తునకును గల నిష్పత్తి కూడ తెలియవలెను.

తొలినాళ్ల టెలివిజన్ సినిమా నుండి 4:3 నిష్పత్తిని స్వీకరించెను. ఇంటింట టెలివిజన్ ప్రవేశించి ప్రేక్షకులు తరిగిపోగా, హాలీవుడ్ 1953లో సినిమాస్కోపు అను వెడల్పు తెరను దింపెను. 1964 టోక్యో ఒలింపిక్ క్రీడల అనంతరము జపాను ప్రసారసంస్థ ఎన్.హెచ్.కె. వెడల్పైన, స్ఫుటమైన చిత్రమునకై పరిశోధన సాగించెను. తుదకు 16:9 నిష్పత్తి లోకమున స్థిరపడెను.

మన దేశమున 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మక ప్రసారములు మొదలయ్యెను. 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరము పాటు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు అందెను. వానిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలును గలవు. ఊరి జనమంతయు ఒక్క పెట్టె ముందు కూర్చుండి చూచిన కాలమది. 1977లో హైదరాబాదు కేంద్రము వెలసెను. 1982లో రంగులు వచ్చెను. ఈ బొమ్మలన్నియు 4:3 ఆకారమున నున్నవే.

ఇప్పుడు లెక్క చూతము. పాత పెట్టెలో నాళపు అంచు కొంత చట్రమున మరుగుపడును గనుక, కనబడు అద్దమునే కొలువవలెను. దాని కర్ణము 20 అంగుళములైనచో వెడల్పు 16, ఎత్తు 12 అంగుళములు. అదే 20 అంగుళముల కర్ణముగల 16:9 తెరకు ఎత్తు పది అంగుళములైనను ఉండదు. పాత ఎత్తు దక్కవలెనన్నచో సుమారు 24½ అంగుళముల తెర కావలెను. అనగా పాత కొలతను 1.22తో హెచ్చించవలెను.

1957 నాటి ‘మాయాబజార్’ వంటి చిత్రమును వెడల్పు తెరపై చూచునపుడు ఇరువైపుల నల్లని ఖాళీ మిగులును. దానిని సహింపలేక బొమ్మను అడ్డముగా సాగదీయువారు గలరు. ఆ స్థూలత్వము ఘటోత్కచునకు నప్పినను శశిరేఖకు నప్పదు! ఖాళీని అట్లే యుండనిచ్చుట మేలని మా అభిప్రాయము.

ఇక దూరము. 625 రేఖల పాత పద్ధతి ప్రసారమును తెర యెత్తునకు ఆరు రెట్ల దూరమునుండి చూచిన రేఖలు కంటికి తగులవు. 1,080 రేఖల నేటి స్ఫుటచిత్రమునకు మూడు రెట్లు చాలును. కూర్చుండు చోటు తెరకు 8 అడుగుల దూరమున నున్నదనుకొందము. పాత ప్రసారములే హెచ్చుగా చూచు ఇంటికి 32 అంగుళముల తెర తగినది. అంతకు మించినచో బొమ్మ ముతకగా కనబడును. స్ఫుటచిత్రములే చూచువారు 65 అంగుళముల వరకు పోవచ్చును. రెండును చూచు కుటుంబమునకు ఈ రెంటి నడిమి కొలత సుఖకరము.

కావున అంగడికి పోకముందే టేపుతో పాత అద్దపు ఎత్తును, కుర్చీ నుండి గోడకు గల దూరమును కొలిచి, కోరిన తెర ఆకారమున వార్తాపత్రికను కత్తిరించి గోడపై ఆనించి చూడవలెను. ఇంటనున్న పెద్దలను, పిల్లలను అచట కూర్చుండబెట్టి వారి మాట వినవలెను. “ఎన్ని అంగుళములు?” అన్న ప్రశ్నకు వర్తకునికంటె మన ఇంటి గోడయే సరియైన బదులు చెప్పగలదు.