వంటబండి పెద్దరికం

1866లో చార్లెస్ గుడ్‌నైట్ దగ్గర 12 వేల డాలర్ల బంగారం ఉంది. తినడానికి మాత్రం ఏమీ లేదు.

న్యూమెక్సికోలోని ఫోర్ట్ సమ్నర్‌లో పశువులను అమ్మి, ఆ సొమ్ముతో టెక్సాస్‌కు తిరిగి వస్తున్నాడు. బంగారాన్నీ తిండి సామాన్లనూ ఒకే కంచరగాడిద మీద కట్టారు. ఒక రాత్రి ఉరుములు మెరుపులతో వాన పట్టుకుంది. బెదిరిన జంతువు చీకట్లో పడి పరుగు తీసింది. గుడ్‌నైట్ వెంటపడి తాడు దొరకబుచ్చుకున్నాడు. బంగారం దక్కింది, తిండి దారిపొడుగునా చెల్లాచెదురైంది. ఆ ఎడారి దారిలో బంగారంతో కొనేందుకు అంగడి ఎక్కడుంది? చివరికి పుచ్చకాయల బండి ఒకటి ఎదురు రావడంతో ఆ బృందం ప్రాణాలు కుదుటపడ్డాయి.

విచిత్రమేమిటంటే, దారిలో తిండి ఎలా దాచుకోవాలో ఆ ఏడాదే అమెరికాకు నేర్పినవాడు కూడా ఈ గుడ్‌నైటే.

మరో పశువుల వ్యాపారి ఆలివర్ లవింగ్‌తో కలిసి దాదాపు 2,000 పశువులను, 18 మంది మనుషులను వెంటేసుకుని ఫోర్ట్ సమ్నర్‌కు బయల్దేరేముందు అతను ఒక పాత సైనిక బండి కొన్నాడు. అంతర్యుద్ధం అప్పుడే ముగిసింది, అలాంటి బండ్లు చౌకగా దొరుకుతున్నాయి. గట్టి కలపతో దాన్ని తిరగకట్టించి, ఇనుప ఇరుసులు వేయించాడు. అసలు తెలివి వెనక భాగంలో ఉంది. అక్కడ సొరుగులూ అరలూ ఉన్న నిలువు పెట్టె ఒకటి బిగించాడు. దాని మూతకు కింద బందులు. మూత కిందికి వాల్చి ఒక కాలు ఆనిస్తే అదే వంట బల్ల. పశువుల కాపర్ల యాసలో ‘చక్’ అంటే తిండి. అలా అది ‘చక్‌వాగన్’ అయింది.

ఆ పెట్టెలో ఏముండేవి? పిండి, చిక్కుడు గింజలు, ఉప్పు పట్టించిన పంది మాంసం, ఎండు పళ్లు, కాఫీ, పంచదార. వాటి పక్కనే సూదీ దారం, మంగలి కత్తి, మందు సీసాలు. బండి పక్కన నీళ్ల పీపా. బండి అడుగున ఉయ్యాలలా కట్టిన ఎద్దు తోలు, అందులో దారిలో ఏరిన పుల్లలూ ఎండిన పేడా. చెట్టు కనబడని మైదానంలో రాత్రి పొయ్యి వెలగాలంటే పగలంతా ఏరుకుంటూ పోవాల్సిందే. మన పల్లెల్లో పిడకల మీద అన్నం వండిన వాళ్లకు ఇది వింతేమీ కాదు.

అన్నిటికన్నా విలువైనది పులిసిన పిండి జాడీ. పెరుగుకు తోడు ఉంచినట్టు, రొట్టెలు కాల్చిన ప్రతిసారీ కొంచెం పిండి మిగిల్చి, మళ్లీ కొత్త పిండీ నీళ్లూ కలిపేవారు. చలి ఎక్కువైతే పులుపు చచ్చిపోతుందని ఆ జాడీని దుప్పట్లో పెట్టుకుని పడుకున్న వంటవాళ్లున్నారు.

కాఫీ కథ వేరు. అంతకుముందు పచ్చి గింజలు కొని పెనం మీద వేయించుకోవాలి. ఒక్క గింజ మాడినా మొత్తం పాడు. 1868లో జాన్ ఆర్‌బకిల్ వేయించిన గింజలకు గుడ్డు, పంచదార పాకం పూత పూసి, వాసన పోకుండా నిలవ చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అతని పొట్లాల్లో ఒక పిప్పరమెంటు పుల్ల కూడా పెట్టేవారు. వంటవాడు “మిఠాయి ఎవరికి?” అని కేకేస్తే, ఆ మోటు మనుషులు చిన్నపిల్లల్లా పోటీ పడి కాఫీ మర తిప్పేవారట!

ఈ బండి చుట్టూ చెల్లిన చట్టం వంటవాడిదే. మామూలు కాపరి కన్నా అతని జీతం ఎక్కువ. అతను పిలవందే ఎవరూ కంచం ముట్టకూడదు. దుమ్ము వంటలో పడేలా గాలివాటున గుర్రం తోలకూడదు. వైద్యుడూ మంగలీ తగవు తీర్చేవాడూ అతనే. మంద రోజుకు పది పదిహేను మైళ్లు నడిస్తే, అతను ముందే బండి తోలుకుపోయి, మజిలీ చూసుకుని పొయ్యి వెలిగించేవాడు. రాత్రి పడుకోబోయే ముందు బండి నొగను ధ్రువ నక్షత్రం వైపు తిప్పి పెట్టేవాడు. తెల్లారి మబ్బు పట్టినా మంద ఎటు పోవాలో అదే చెబుతుంది.

ముళ్లకంచెలూ రైళ్లూ వచ్చి ఆ మందల కాలం ఓ పాతికేళ్లలో సద్దుమణిగింది. బండి మాత్రం జ్ఞాపకాల్లో నిలిచింది. 2005లో టెక్సాస్ దాన్ని తమ రాష్ట్ర అధికారిక వాహనంగా ప్రకటించింది.

మన దేశంలో లారీ కథ కూడా పాత సైనిక బండ్లతోనే ఊపందుకుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న ట్రక్కులు చాలామంది రవాణాదారులకు తొలి పెట్టుబడి అయ్యాయి. 1954లో టెల్కో, జర్మనీ సంస్థ డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు తయారు చేయడం మొదలుపెట్టింది. చాలా కాలం కంపెనీ ఇచ్చింది ఇంజనూ ఛాసిస్ మాత్రమే. క్యాబినూ తొట్టీ కట్టడం స్థానిక వడ్రంగుల, వెల్డర్ల పని. తమిళనాట నామక్కల్, మన దగ్గర విజయవాడ ఆటోనగర్ అలాంటి పనితోనే పేరు తెచ్చుకున్నాయి. కాబట్టి లారీ కట్టించుకునేవాడు తన ఇల్లు తానే గీసుకున్నట్టు, వెనక సీటు కింద అర, పక్కన పెట్టె ఎక్కడ కావాలో చెప్పి చేయించుకునేవాడు. గుడ్‌నైట్ చేసిన పనీ ఇదే.

ఆ పెట్టె తెరిస్తే జాకీ, స్పానర్ల పక్కనే బియ్యం, కందిపప్పు, చింతపండు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు. ఒకప్పటి హార్లిక్స్ సీసాలో ఆవకాయ. ఆవకాయ లారీ కోసం పుట్టలేదు గానీ, అంతకన్నా తగిన కూర లారీకి లేదు. ఉప్పూ కారం ఆవపిండీ పులుపూ కలిసి ముక్కను కాపాడతాయి, పైన తేలిన నూనె గాలి తగలనివ్వదు. ఇంజను వేడికి పాలు విరుగుతాయి, కూరగాయలు వడలిపోతాయి, ఆవకాయ చలించదు.

కూర్చుని తినే దాబాలు ఉండగా ఈ తంటా ఎందుకంటే, బత్తా. దారి ఖర్చుకు ఓనరు ఇచ్చే ఆ డబ్బులో ఎంత మిగిలితే అంత ఇంటికి. పంజాబీ లారీలతో పాటు జాతీయ రహదారుల వెంబడి దిగివచ్చిన దాబా, నులక మంచం మీద రోటీ, పప్పు పెట్టింది. ఐదారు రోజులు రోటీ తిన్న గుంటూరు మనిషికి పచ్చిపులుసు మీదకు మనసు పోతుంది కదా. పైగా లోడు దిగని చోట, ఊరికి దూరంగా గోడౌను ముందు రెండు రోజులు ఆగితే దాబా ఎక్కడ వెతుక్కుంటాడు?

అప్పుడు లారీ ఆపిన వైపు గాలి చూసి, వెనక జంట టైర్ల చాటున స్టవ్వు పెడతారు. ముందు పంపు స్టవ్వు, తర్వాత 1970ల చివర్లో ఇండియన్ ఆయిల్ తెచ్చిన ‘నూతన్’ వత్తుల స్టవ్వు, ఇప్పుడు చిన్న గ్యాస్ సిలిండరు. ఛాసిస్‌కు కట్టిన ప్లాస్టిక్ డబ్బాలోంచి చెంబుడు నీళ్లతో బియ్యం కడుగుతారు. ఆ కడుగు నీళ్లతోనే చేతులు. కుక్కరు మూడు కూతలు వేసేలోపు ఉల్లిపాయ తరుగుడు అయిపోవాలి. లారీ నీడలో పరిచిన గోనెపట్టా మీద భోజనం. మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచితే పొద్దున్నే చద్ది. ఒక్క ట్యాంకర్ వాళ్లకే ఈ భాగ్యం లేదు. దేశానికంతా వంట గ్యాస్ మోసే బండి దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు మరి!

ఇంతకీ స్టవ్వు వెలిగించేదెవరు? క్లీనరు. చక్‌వాగన్‌లో వంటవాడు అందరికన్నా పెద్ద. లారీలో వంటవాడు అందరికన్నా చిన్న. గిన్నెలు తోముతూ, టైర్లు తట్టి గాలి చూస్తూ, “రైట్, రైట్” అని అరుస్తూ, డ్రైవరు గురువు మంచి మూడ్‌లో ఉన్నప్పుడు ఖాళీ రోడ్డు మీద స్టీరింగు పట్టుకునే కుర్రాడు. గురువుగారికి కారం ఎంత పడాలో తెలుసుకోవడం, గేరు మార్చడం నేర్చుకోవడం కన్నా ముందు పాఠం. ఇప్పుడు పేరున్న డ్రైవర్లలో ఎందరో ఆ స్టవ్వు దగ్గరే చదువు మొదలుపెట్టారు.

ఇటీవల క్యాబిన్లు మారాయి. కొత్తగా తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి. పెట్రోలు బంకుల పక్కన కేంద్రం కట్టిస్తున్న ‘అప్నా ఘర్’ విశ్రాంతి గృహాల్లో పడకలూ స్నానపు గదులతో పాటు, సొంతంగా వండుకునే చోటు కూడా పెట్టారు. టైరు చాటు పొయ్యిని ప్రభుత్వం ఇన్నాళ్లకు గుర్తించిందన్నమాట. అయితే ఖర్చులు పెరిగి చాలా లారీల్లో క్లీనరు సీటు ఖాళీ అయింది. డ్రైవరు ఒక్కడే దిగి, గ్లాసు బియ్యం కడిగి, కుక్కరు కూతలు లెక్కపెడుతూనే టైర్లు తట్టి చూసుకుంటున్నాడు.