పొట్టలో కరగని పూత

స్మార్ట్ పాలిమర్ల చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా 1978తో మొదలుపెడతారు. అమెరికాలోని ఎంఐటీలో తొయోయిచి తనాకా అనే జపాన్ భౌతిక శాస్త్రవేత్త, జెల్ ముక్క చుట్టూ ఉన్న ద్రవాన్ని కాస్త మారిస్తే అది ఉన్నట్టుండి ముడుచుకుపోతుందని లోకానికి చెప్పింది ఆ ఏడాదే. వేడి, ఆమ్లత్వం, లవణాలు మారితే తన తీరు మార్చుకునే పదార్థం కనుక దానికి తెలివి అంటగట్టారు. భౌతిక శాస్త్రానికి అది సరైన మొదలే. వైద్యానికి మాత్రం కాదు. మందుల్లో ఈ తెలివి దాదాపు వందేళ్ల ముందే, మాత్రలకు పూత పూసేవాళ్ల చేతికి చిక్కింది. అప్పుడు దాన్నెవరూ స్మార్ట్ అనలేదు, అంతే.

వాళ్ల ఇబ్బంది చాలా మామూలుది. కొన్ని మందులు పొట్టలోని ఆమ్లానికి పాడవుతాయి, కొన్ని పొట్టనే పాడుచేస్తాయి. రెండింటికీ కావలసింది పొట్ట దాటేదాకా విడిపోని మాత్ర. 1884లో హాంబర్గ్‌లో పాల్ ఉన్నా అనే చర్మవైద్యుడు మాత్రలకు కెరాటిన్ పూశాడు. కొమ్ముల్లో, గోళ్లలో ఉండే ప్రోటీన్ అది. పొట్టలో కరగలేదు సరే, పేగుల్లోనూ నమ్మకంగా కరగలేదు. తర్వాత లక్క వంతు వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు నిగనిగ తెచ్చే లక్కను శుద్ధి చేస్తే వచ్చేదే షెల్లాక్. పుల్లటి ద్రవంలో అది చలించదు, పులుపు తగ్గితే కరుగుతుంది. కాకపోతే మొండి సరుకు: పీహెచ్ 7 దాకా వస్తే గాని సరిగా కరగదు, నిల్వ ఉన్నకొద్దీ తనలో తాను బిగుసుకుని మరింత మొండికేస్తుంది. పైగా పురుగు ఇచ్చే సరుకు, ఏ కాపుకు ఆ కాపు వేరు. 1940 నాటికి సెల్యులోజ్ ఎసిటేట్ థాలేట్, 1950లలో జర్మనీలోని డార్మ్‌స్టాట్ నుంచి యూడ్రాజిట్ అనే ఎక్రిలిక్ పాలిమర్లు వచ్చాకే, పూత ఎక్కడ కరగాలో ముందే తేల్చుకోవడం మనిషికి సాధ్యపడింది. యూడ్రాజిట్‌లో 'ఎల్' రకం పీహెచ్ 6 దాటితే కరుగుతుంది, 'ఎస్' రకం 7 దాటితే. దినుసులు అవే, పాళ్లే వేరు. పెద్దపేగు పుండ్లకిచ్చే మెసలమైన్‌ను అంత దూరం మోసుకెళ్లింది ఈ 'ఎస్' రకమే. రెండు రకాల్లోనూ కీలకం కార్బాక్సిల్ సమూహాలు. ఆమ్లంలో అవి హైడ్రోజన్‌ను పట్టుకుని కూర్చుంటాయి. ఆమ్లం తగ్గగానే దాన్ని వదిలేసి, రుణావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, ఆ సందుల్లోకి నీళ్లు చొరబడతాయి.

ఇప్పుడు తనాకా జెల్ దగ్గరికి తిరిగి రండి. ఆయన దగ్గర పాతబడిన జెల్‌లే అలా హఠాత్తుగా ముడుచుకున్నాయి, తాజావి ముడుచుకోలేదు. ఆరా తీస్తే, నిల్వలో ఆ జెల్‌లోని పాలీఎక్రిలమైడ్ అనే పాలిమర్ కొంతమేర నీటితో చర్య జరిపి, అక్కడక్కడ కార్బాక్సిల్ సమూహాలు పుట్టాయని తేలింది. మాత్రల పూతను నడిపించే మెలికే ఆ ప్రసిద్ధ ప్రయోగాన్నీ నడిపించిందన్నమాట.

పూత కరిగితే ఇక పోయినట్టే, స్మార్ట్ పాలిమర్ అన్నది ముడుచుకుని మళ్లీ విచ్చుకోవాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. ఈ మాటలో బలముంది. అయితే వైద్యం ఆ గుణాన్ని ఎలా వాడుకుందో చూడండి. 1990లో తోక్యోలో తెరువో ఒకానో బృందం పాలీఎన్ఐపీఏఎం అనే పాలిమర్ పరిచిన పళ్లెంలో కణాలను పెంచింది. అది 32 డిగ్రీల పైన నీటిని వదిలేస్తుంది, కింద పీల్చుకుంటుంది. 37 డిగ్రీల దగ్గర పళ్లేన్ని అంటుకుని పెరిగిన కణాలు, చల్లబరిస్తే చిరగని పొరగా లేచి వస్తాయి. అలా నోటి కణాలతో పెంచిన పొరను నలుగురు రోగుల కంటి కార్నియా మీద పరిచిన ఫలితాలు 2004లో వెలువడ్డాయి. ఎన్నిసార్లయినా మారగల పాలిమరే, కానీ ఆ పొరను లేపడానికి దాన్ని చల్లబరిచేది ఒక్కసారి. చక్కెర పెరిగితే ఇన్సులిన్ వదిలి, తగ్గితే ఆపే జెల్‌ల మీద దశాబ్దాలుగా పరిశోధన సాగుతున్నా, అవి ఇంకా మందుల షాపుకు రాలేదు. పూతలవాళ్లు గుడ్డిగా తడుముకున్నారు కదా అనే మాట కూడా ఉంది. నిజమే. పీహెచ్ కొలమానం వచ్చింది 1909లో. పాలిమర్ అంటే పొడవాటి అణువని రసాయన శాస్త్రవేత్త స్టాడింగర్ వాదించడం మొదలుపెట్టింది 1920లో. కెరాటిన్ పూసిన వైద్యుడికి ఈ రెండూ తెలిసే వీల్లేదు. అయినా చుట్టూ ఉన్న ద్రవమే పూత తలుపు తీయాలన్న ఆలోచన మాత్రం ఆయన పనిలో స్పష్టంగా ఉంది. పేరు పెట్టింది తర్వాతి తరం.

ఈ పూత ఎంత సున్నితమైన పనో ఒమెప్రజోల్ చెబుతుంది. పొట్టలో ఆమ్లాన్ని తగ్గించే ఈ మందును ఆమ్లమే చెడగొడుతుంది. కాపాడాల్సిన పూతలోనూ ఆమ్ల గుణం ఉంది కాబట్టి, మందుకూ పూతకూ మధ్య మరో పలుచని పొర వేయాల్సి వచ్చింది. ఆ మధ్య పొర పేటెంట్ మీద అమెరికా కోర్టుల్లో పెద్ద వ్యాజ్యాలే నడిచాయి. హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ 1991లో తెచ్చిన ఒమెజ్ క్యాప్సూల్‌ను తెలుగు ఇళ్లలో ఎరగనివారు తక్కువ. అందులోని చిన్న గుళికల మీద ఉన్నదీ ఇలాంటి పూతే. మాత్రల స్ట్రిప్ మీద ఎంటరిక్ కోటెడ్ అనో గ్యాస్ట్రో రెసిస్టెంట్ అనో కనిపిస్తే, ఆ మందును నమలకండి, నూరకండి, సగానికి విరవకండి.