బిడ్డ అన్నానికి తండ్రి రుజువు

మనోవర్తి కేసు పడగానే భర్త తరఫు కౌంటర్లో తరచూ కనిపించే వాక్యం ఒకటుంది: ఆ బిడ్డ నాకు పుట్టలేదు. నూట యాభై ఏళ్లుగా మన చట్టం దీనికి జవాబు వెతుకుతూనే ఉంది.

1872లో సాక్ష్య చట్టాన్ని రాసిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ నాటికి రక్త పరీక్షలు లేవు. అందుకే 112వ సెక్షన్ సూటిగా తేల్చేసింది. పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ, లేదా పెళ్లి రద్దయ్యాక తల్లి మళ్లీ పెళ్లాడకుండా 280 రోజుల్లోపు పుట్టిన బిడ్డ, ఆ భర్త బిడ్డే. కాదనాలంటే గర్భం నిలిచిన రోజుల్లో ఆలుమగలు కలిసే వీలే లేదని రుజువు కావాలి. అనుమానం చాలదు, ఊళ్లో వాళ్ల మాటా చాలదు. నియమం కఠినమైనదే. కానీ పెద్దల తగవులో పసివాడి పుట్టుక బజారున పడకుండా అడ్డుపడింది అదే.

పోషణ సంగతి వేరే చట్టం చూసుకుంది. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 488వ సెక్షన్ పెళ్లి కాని తల్లికి పుట్టిన బిడ్డకు కూడా తండ్రి నుంచి భరణం ఇప్పించింది. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. ఇచ్చే సొమ్ము దగ్గరే చెయ్యి ముడుచుకుంది. నెలకు 50 రూపాయలు మించరాదన్న పరిమితి 1923లో 100, 1955లో 500 అయింది. 1973 కోడ్‌లో 125వ సెక్షన్‌గా మారినా 500 కదల్లేదు. ఆ మొత్తం తల్లీపిల్లలందరికీ కలిపి కాదు, ఒక్కొక్కరికి అని 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పాల్సి వచ్చింది. 2001లో గానీ పార్లమెంటు పరిమితిని ఎత్తేయలేదు. బియ్యం ధర, బడి ఫీజు ఎంత పెరిగినా బిడ్డ వాటా మాత్రం నలభై ఆరేళ్లు అక్కడే ఆగిపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

ఈలోగా హైదరాబాద్ ఈ కథలోకి వచ్చింది. 1980ల చివర్లో కేరళలోని తలశ్శేరిలో పెళ్లి కాని ఒక తల్లి భరణం అడిగితే, ఆమె తండ్రిగా చూపిన మనిషి ఆ బిడ్డే తనది కాదన్నాడు. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్ బృందం చేసిన డీఎన్ఏ పరీక్ష అతనే తండ్రి అని తేల్చింది. 1991లో కేరళ హైకోర్టు కూడా దాన్ని ఒప్పుకుంది. మాజీ గవర్నర్ ఎన్.డి. తివారీ తన తండ్రి అంటూ ఒక యువకుడు వేసిన దావాలో 2012లో నిజం తేల్చింది కూడా హైదరాబాద్‌లోని డీఎన్ఏ పరీక్షా కేంద్రం సీడీఎఫ్‌డీయే.

అదే పరీక్ష భర్తల చేతికీ అందింది. భరణం ఎగ్గొట్టడానికి రక్త పరీక్ష కోరిన భర్తకు 1993లో సుప్రీంకోర్టు అడ్డు చెప్పింది: అడిగినంత మాత్రాన పరీక్షకు ఆదేశించరాదు, బలవంతంగా రక్తం తీయరాదు. 2014లో గాలి మారింది. ఒక ఆడపిల్ల భరణం కేసులో నాగపూర్‌లోనూ, మళ్లీ హైదరాబాద్‌లోని కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబులోనూ చేసిన పరీక్షల్లో భర్త తండ్రి కాదని తేలింది. శాస్త్రం చెప్పిన నిజం ముందు చట్టం ఊహ నిలవదంది కోర్టు. అంతకుముందు కట్టిన సొమ్ము మాత్రం తిరిగి అడగరాదంది.

ఆ తీర్పు వాదనను నేను కాదనను. కానీ ఆ గెలుపోటముల్లో నోరెత్తే చోటే లేనిది ఆ ఆడపిల్లకు. 2023లో సుప్రీంకోర్టు ఈ లోటును గుర్తించి, తన పుట్టుకను తేలిగ్గా ప్రశ్నించకుండా ఉండే హక్కు బిడ్డకు ఉందంది. 2025 జనవరిలో పాత నియమం మళ్లీ గట్టిపడింది. పెళ్లిలో పుట్టిన యువకుడు మరొకరిని తండ్రిగా చూపి భరణం కోరితే, దంపతులు కలిసే వీలు లేదని రుజువు కాకుండా ఆ మనిషిని పరీక్షకు నెట్టలేమంది కోర్టు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 116వ సెక్షన్‌లోనూ ఆ 280 రోజులు అలాగే ఉన్నాయి.

తండ్రి ఎవరో తేలాక కూడా బిడ్డ అన్నం వాయిదాల మీదే ఆధారపడుతుంది. మధ్యంతర భరణాన్ని నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంత వరకు తేల్చాలని 2001 సవరణ చెప్పింది. భరణాన్ని అర్జీ పెట్టిన రోజు నుంచే లెక్కకట్టాలనీ, ఇద్దరూ ఆస్తులూ ఆదాయాలూ అఫిడవిట్‌లో చూపాలనీ 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయితే బకాయి పడ్డ ఏడాదిలోపు వసూలు పిటిషన్ వేయకపోతే దానికి వారంటు రాదన్న నిబంధన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం 144వ సెక్షన్‌లోకీ వచ్చేసింది. కూలికి వెళ్లే తల్లి కోర్టు తేదీలు లెక్కపెట్టుకుంటూ కూర్చోలేదు. ఇక మార్చాల్సింది ఆ నిబంధననే.